పుట్టుమచ్చ, సొన మచ్చ

పల్లెటూరి పిల్లలకి ఆధునిక సాహిత్యం ఎక్కదని ఒక మాట చాలా కాలంగా చలామణీలో ఉంది. కాలేజీల్లో తెలుగు చెప్పేవాళ్ళు అంటారు. సభల్లో ప్రసంగించే విమర్శకులు అంటారు. గైడు కొనుక్కుని, నాయకుడి పాత్ర స్వభావం రెండు పేజీలు బట్టీపట్టి, పరీక్ష రాసి పోయే సరుకని వాళ్ళ మీద తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పునే జాలి అనుకుంటారు. సాయిబుల పిల్లల సంగతైతే ఇక చెప్పనక్కర్లేదు. వాళ్ళు ఇంట్లో తురకం మాట్లాడతారు, వాళ్ళకి తెలుగే సరిగ్గా రాదు, ఇక నవల ఏం తెలుస్తుంది అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఈ మాటని మేము ఒప్పుకోం. ఆగిరిపల్లిలోనూ ఆ చుట్టుపక్కల నూజివీడు మామిడితోటల ఊళ్ళలోనూ ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకి మేము కొన్నేళ్ళుగా పుస్తకాలు ఇస్తున్నాం. చదివాక ఏమనిపించిందో చెప్పమంటున్నాం. వాళ్ళలో సాయిబుల పిల్లలున్నారు, దూదేకుల పిల్లలున్నారు, మాల మాదిగ పిల్లలున్నారు, చిన్న రైతుల పిల్లలూ ఉన్నారు. వాళ్ళ మాటలు విన్నాక మాకు ఒక సంగతి రూఢి అయింది. విమర్శకుల కంటికి ఆననిదొకటి ఈ పిల్లల కంటికి ఆనింది. మన ఆధునిక సాహిత్యంలో 'ఎదగడం' అనేది ఒక వర్గం సొత్తు అని వాళ్ళు పట్టేశారు.

మన పేరుమోసిన నవలలే తీసుకోండి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' 1940ల్లో వచ్చింది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ఆ కాలం నాటిదే. ఒకదాంట్లో సీతారామారావు, ఇంకోదాంట్లో దయానిధి. ఇద్దరూ తమలోకి తాము తొంగిచూసుకుంటారు. జీవితానికి అర్థం వెతుక్కుంటారు. వెతుకులాటలోనే పెద్దవాళ్ళవుతారు, లేదా కూలిపోతారు. ఇవి గొప్ప నవలలు కావని మేము అనడం లేదు. పిల్లలూ అనలేదు. వాళ్ళు అడిగింది వేరే. సీతారామారావు వంశప్రతిష్ఠ కోసం ఉన్న ఆస్తి తగలేస్తూ ఆలోచిస్తాడు. మా నాన్న చేసిన అప్పు తీరుస్తూ ఆలోచిస్తాడు. ఆ ఆలోచన నవలకెక్కదేం అని ఒక కుర్రాడు అడిగాడు. దయానిధికి అంత ఆలోచించుకునే తీరిక ఎక్కణ్ణించి వచ్చింది, ఇంట్లో పొయ్యి ఎవరి సంపాదనతో వెలుగుతోంది అని ఒక అమ్మాయి అడిగింది.

ఈ ప్రశ్నలు పరీక్షలో రాస్తే సున్నా వేస్తారు. పరీక్ష అడిగేది నాయకుడి అంతస్సంఘర్షణ. ఆ సంఘర్షణకి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారని పరీక్ష అడగదు. ఆ అమ్మాయి అడిగింది. వర్గ దృష్టి అని ఎవరూ ఆమెకి పాఠం చెప్పలేదు. ఇంట్లో కూలిడబ్బులు లెక్కపెట్టే పిల్ల కనక ఆ లెక్క నవల్లోనూ వెతికింది. దీన్ని అర్థంకాకపోవడం అంటారా?

వీళ్ళు తమ బతుకు కనిపిస్తేనే చదువుతారు, తమకు తెలియని లోకంలోకి అడుగుపెట్టరు అని ఇంకో అభియోగం. అదీ అబద్ధమే. నవీన్ 'అంపశయ్య' 1969 నాటిది. ఉస్మానియా హాస్టల్లో ఒక్క రోజు కథ. ఈ పిల్లల్లో చాలామంది హైదరాబాదు చూడలేదు. అయినా జేబులో డబ్బుల్లేక, నలుగురిలో తక్కువైపోతానేమోనని కుమిలే ఆ పల్లె కుర్రాడు రవిని చదివి, వీడు మనోడే అన్నారు. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు'లో సుందరం బ్రాహ్మణ మధ్యతరగతి పిల్లవాడు. అతని ఇంటి ఆచారాలు వీళ్ళకి కొత్త. అయినా చదువుకీ బతుకుతెరువుకీ లంకె తెగిపోయిన చోటికి రాగానే ముక్కుసూటిగా అర్థం చేసుకున్నారు. వీళ్ళు గడప దాటి మీ ఇళ్ళలోకి వచ్చారు. వంద సంవత్సరాలుగా వస్తూనే ఉన్నారు. వీళ్ళ ఇళ్ళలోకి మీరెన్నిసార్లు వచ్చారు?

ఎదగడం గురించి మన భాష ఏమంటుందో చూడండి. తెలుగులో ఆడపిల్ల ఈడేరుతుంది, పెద్దమనిషి అవుతుంది. మగపిల్లవాడు చేతికి అందివస్తాడు. కొడుకు చేతికి అందొచ్చాడని తండ్రి సంబరంగా చెప్పుకుంటాడు. ఎవరి చేతికి? తండ్రి చేతికి, ఇంటి చేతికి, ఆ ఇల్లు ఎవరికి బాకీపడిందో వాళ్ళ చేతికి. ఉర్దూలోనూ అంతే. షరియత్ మాటగా చూస్తే నమాజు, రోజా ఫర్జ్ అయ్యే ఈడుకి వచ్చినవాడు బాలిగ్. గరీబు ఇంట్లో మాత్రం ఆ ఈడుకి ముందే 'బేటా అబ్బాకా హాత్ బటాతా' అంటారు. రెండు భాషల్లోనూ పేదవాడి కొడుకు ఎదుగుదల అంటే ఇంకో రెండు చేతులు. తనలోకి తాను చూసుకోవడానికి ఆ రెండు చేతులూ ఖాళీ ఉండవు.

ఆగిరిపల్లి చుట్టూ ఈ చేతులకి ఒక కాలం ఉంది. శీతాకాలంలో మామిడి పూతకొస్తుంది. పూత మీదో పిందె మీదో వ్యాపారి తోట కొంటాడు. మార్చిలో పిల్లలకి పరీక్షలు. ఏప్రిల్, మే నెలల్లో కోతలు. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ లారీలకెక్కి నున్న మార్కెట్టుకి, అక్కణ్ణించి దేశాల మీదికి పోతాయి. సెలవులు, కోతలు ఒకేసారి వస్తాయి. కుర్రాడు చిక్కం కట్టిన దోటి పట్టుకుని తోటలోకి పోతాడు. పాసైన కుర్రాడు జూన్‌లో మళ్ళీ పుస్తకం పడతాడు. ఒక సబ్జెక్టు పోయినవాడికి సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. అది సరిగ్గా కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడో, ముగుస్తున్నప్పుడో వస్తుంది. చదువుకోవలసిన రోజులన్నీ చెట్టు మీదే గడిచిపోతాయి. ఆ పరీక్షా పోతుంది. కోత అయిపోయాక ఇంకో పని దొరుకుతుంది. మెకానిక్ షెడ్డో, పండ్లబండో, విజయవాడలో బిర్యానీ హోటలో. అక్కడితో అతని 'ఎదుగుదల' పూర్తయింది. నూజివీడులోనే 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులు చూసి పల్లె పిల్లల్ని చేర్చుకోవాలని పెట్టిన సంస్థ. పదిహేనేళ్ళకి ఒకడు ఆ గేటులోంచి లోపలికి పోతాడు. అదే ఈడువాడు ఇంకొకడు చెట్టెక్కుతాడు. ఈ రెండో వాడి మీద మన ఆధునిక సాహిత్యం ఎన్ని పేజీలు ఖర్చుపెట్టింది?

చట్టం మాత్రం వాడిని గుర్తించింది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 14 నుంచి 18 ఏళ్ళ మధ్యవాళ్ళకి కౌమారులని పేరు పెట్టారు. గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమని జాబితా వేసిన పనుల్లో వాళ్ళని పెట్టుకోకూడదన్నారు. మిగతా పనుల్లో పెట్టుకోవచ్చన్నమాట. మామిడిచెట్టు ఆ జాబితాలో లేదు. దయానిధికి కౌమారం వస్తే నవల పుడుతుంది. మావాడికి కౌమారం వస్తే ఏ పనిలో పెట్టుకోవచ్చో తేల్చే ఒక సెక్షన్ పుడుతుంది.

2006 నవంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన సచార్ కమిటీ నివేదిక ఒక సంగతి చెప్పింది. దేశంలో 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి మొహం చూడనివాళ్ళో, మధ్యలో మానేసినవాళ్ళో. మతం వల్ల చదవరని ప్రచారం చేసినవాళ్ళు ఈ లెక్కని తమకి అనుకూలంగా వాడుకున్నారు. మామిడితోటలో ఆ కుర్రాడి పక్కన చెట్టెక్కిన మాదిగ కుర్రాడిది ఏ మతమో వాళ్ళు చెప్పరు.

ఇక ఆధునిక తెలుగు సాహిత్యంలో ముస్లిం కుర్రాడి జాడ ఏది? ఉంది. చలం 'మైదానం'లో ఉంది. 1920ల చివర్లో వచ్చిన ఆ నవల్లో వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోతుంది. స్త్రీ స్వేచ్ఛ గురించి ఆ నవల మీద జరిగినంత చర్చ మరే నవల మీదా జరగలేదేమో. ఆ నవల్లోనే మీరా అని ఒక సాయిబు కుర్రాడున్నాడు. ఎదిగే ఈడువాడు. కథంతా రాజేశ్వరి చెబుతుంది కనక మీరాని ఆమె కళ్ళతోనే చూస్తాం. ఆమెకి అతను ఎంత ముద్దొచ్చాడో తెలుస్తుంది. అతనికి ఏమనిపించిందో, అతని అమ్మ ఎవరో, అతను ఏం కావాలనుకున్నాడో తెలియదు. ఇంకొకరి విముక్తి కథలో ఒక మలుపుగా వచ్చి పోతాడు. ఆ నవల చదివిన మా పిల్లల్లో ఒకడు అమీర్ గురించి మాట్లాడలేదు, రాజేశ్వరి గురించీ మాట్లాడలేదు. మీరా తరవాత ఏమయ్యాడని అడిగాడు. దాదాపు వందేళ్ళ విమర్శలో ఆ ప్రశ్నకి చోటు దొరకలేదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాశాడు. పుట్టుకతోనే ముస్లిం మీద పడ్డ అనుమానపు ముద్రని ఆ దీర్ఘకవిత తెలుగువాళ్ళ ముందు నిలబెట్టింది. 1992 డిసెంబరు 6 తరవాత ఆ ముద్ర ఎంత లోతుగా దిగిందో దేశమంతా చూసింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం వచ్చాయి. నువ్వెవరు, ఏ దేశపువాడివి అని నిలదీస్తున్నప్పుడు మనం ఒకే గొంతుతో 'మేము' అనక తప్పలేదు. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు ఎవరి గది పెద్దదని తగువుపడం. అది సరైన పనే.

కానీ ఆగిరిపల్లి కుర్రాడి మొహం మీద ఇంకో మచ్చ ఉంది. కాయ ముచ్చిక తెగినప్పుడు సొన చిమ్ముతుంది. చర్మం మీద పడితే కాలుతుంది, నల్లగా మచ్చకడుతుంది. మీసం మొలిచే ఈడులో వాడి చెంపల మీద, ముంజేతుల మీద సొన మచ్చలు పడతాయి. పుట్టుమచ్చ వాడి పేరుని బట్టి వచ్చింది. సొన మచ్చ పనిని బట్టి వచ్చింది. మొదటిది తోట కొన్న సాయిబు వ్యాపారి కొడుక్కీ ఉంది. రెండోది వాడికి లేదు. ఈ తేడా చెప్పని సాహిత్యం మన పిల్లలకి సగమే చెబుతోంది.

ఇస్లాంలో అంతరాలు లేవు కదా, నమాజులో రాజూ బంటూ ఒకే సఫ్‌లో నిలబడతారు కదా అని మన పెద్దలు అడ్డుపడతారు. నిజమే, నిలబడతారు. సలాం తిప్పి బయటికొచ్చాక ఒకడు కారెక్కుతాడు, ఒకడు దోటి భుజానేసుకుంటాడు. సఫ్‌లో ఉన్న సమానత్వాన్ని మస్జిదు మెట్ల దాకానే నడిపించి, అక్కడ వదిలేసినవాళ్ళు దీన్ గురించి మాకు చెప్పనక్కర్లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన రిజర్వేషన్ చట్టం బి.సి.-ఇ జాబితా చూడండి. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీవాళ్ళు, గుడ్డి ఎలుగువాండ్లు, హజాములు, ఖురేషీలు, షేకులు ఆ జాబితాలో ఉన్నారు. సయ్యదులు, మొఘలులు, పఠాన్లు, అరబ్బులు అందులో లేరు. దూదేకులవాళ్ళు అంతకుముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. సర్కారు కాగితం మనలో మెట్లున్నాయని రాసుకుంది. మన సాహిత్యం రాసుకోవడానికి ఎందుకు జంకుతుంది?

ఉర్దూ వారసత్వం మాకుంది, మేము దాన్ని చదువుకున్నాం, దాన్ని ప్రేమిస్తాం. ఇస్మత్ చుగ్తాయ్ 1940ల్లో రాసిన 'టేఢీ లకీర్' ఒక ఆడపిల్ల ఎదుగుదలని అంత నిర్భయంగా చెప్పిన నవల. జీలానీ బానో 1976లో రాసిన 'ఐవానే గజల్' హైదరాబాదు నవాబీ ఇళ్ళ పతనం చూపిస్తుంది. ఈ కథలు ఉర్దూ చదవలేని పిల్లలకి మేము తెలుగులో చెప్పాం. విన్నవాళ్ళు మెచ్చుకున్నారు. మెచ్చుకుని, ఆ దేవిడీలో గిన్నెలు తోమే పిల్లకి కూడా ఈడొచ్చింది కదా, ఆమె కథ ఎవరు చెప్పారని అడిగారు. తెలుగు అగ్రహారాన్ని అడిగిన ప్రశ్నే ఉర్దూ దేవిడీనీ అడిగారు. మాది మీది అని చూడలేదు. ఈ నిష్పక్షపాతం ఏ విమర్శకుడి దగ్గరుంది?

ఏమీ రాలేదని కాదు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో వచ్చినప్పుడు నెల్లూరు యాసలో ఒక ముస్లిం పిల్లవాడి బాల్యం మొదటిసారి తెలుగిళ్ళలోకి నవ్వుతూ నడిచొచ్చింది. ఆగిరిపల్లి పిల్లలు ఆ కతలు ఒకరికొకరు పైకి చదివి వినిపించుకున్నారు. అతనిదే 'న్యూబాంబే టైలర్స్' కథలో రెడీమేడ్ బట్టలు వచ్చి దర్జీ పీరుభాయ్ బతుకుని నెట్టేస్తాయి. దర్జీ కొడుకొకడు అది చదివి చాలాసేపు మాట్లాడలేదు. పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' నవల్లో ఎలుగుని ఆడించి బతికే ఇమాం, ఆ ఎలుగుని వదిలించుకుని భూమి పట్టా సంపాదించాలనే కొడుకు ఉన్నారు. నగరాల్లో పాఠకులు ఎలుగు కోసం, ఇమాం కోసం కంటతడి పెట్టుకున్నారు. మా దగ్గర కుర్రాళ్ళు సగం మంది కొడుకు పక్షాన నిలబడ్డారు. తండ్రి వృత్తి కొడుక్కి సంకెలని వాళ్ళకి తెలుసు. ఎదగడమంటే కొన్నిసార్లు తండ్రి ప్రేమించినదాన్ని కాదనడమని కూడా తెలుసు. సున్నితత్వం లేని పిల్లలని ఒక పెద్దమనిషి మాతో అన్నారు. చేతిలో జానెడు భూమి లేనివాడి ముందు సున్నితత్వం గురించి మాట్లాడడం సులువు.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. మగపిల్లవాడి బాల్యమన్నా కథల్లోకి వచ్చింది. పదో తరగతి పాసై, కాలేజీ బస్సెక్కి వెళ్ళే దూరంలో ఉంది కనక ఇంట్లో ఆగిపోయిన సాయిబుల అమ్మాయి పదహారో ఏడు ఏ పుస్తకంలో ఉంది? ఆమె బురఖా గురించి ఊరంతా మాట్లాడుతుంది. బస్సు ఛార్జీ గురించి ఎవరూ మాట్లాడరు. సెక్యులర్ మిత్రులకి ఆమె బురఖా సమస్య, మన పెద్దలకి ఆమె ఇజ్జత్ సమస్య. ఆమెకి మాత్రం అది రోజూ రానుపోను డబ్బులు, తిరిగొచ్చే బస్సు వేళ, ఇంట్లో తమ్ముణ్ణి చూసేవాళ్ళు లేకపోవడం. ఇన్నీ కలిస్తే ఒక జీవితం. దాన్ని ఒక గుడ్డముక్కకి కుదించినవాళ్ళు ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు.

ఇక వర్గం పేరు చెప్పే మిత్రులతో ఒక మాట. దళితవాదం, స్త్రీవాదం, ముస్లింవాదం వచ్చి వర్గపోరాటాన్ని చీల్చాయని మీరు చాలా ఏళ్ళు అన్నారు. ఇప్పుడు మేము వర్గం గురించి మాట్లాడుతున్నాం కనక దారికొచ్చారని సంతోషించకండి. సొన మచ్చలున్న ఆ కుర్రాడు విజయవాడలో గది అద్దెకి అడిగితే, పేరు వినగానే గది ఖాళీ లేదంటారు. పక్కన నిలబడ్డ తోటి కూలీకి అదే గది దొరుకుతుంది. కూలీ ఇద్దరికీ ఒకటే, గది ఇద్దరికీ ఒకటి కాదు. రెండు మచ్చలూ ఒకే మొహం మీద ఉన్నాయి. మీరు సొన మచ్చ చూసి పుట్టుమచ్చని కప్పేశారు. మన పెద్దలు పుట్టుమచ్చ చూపించి సొన మచ్చని కప్పేస్తున్నారు. ఆ మొహాన్ని పూర్తిగా చూసేవాళ్ళు కావాలి.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. తెలుగు పాఠం చెప్పేవాళ్ళు పాత్ర స్వభావం అడిగే చోట ఒక్క ప్రశ్న కలపండి: ఈ పాత్ర ఎదగడానికి ఎవరు పనిచేశారు? జవాబు గైడులో దొరకదు. పిల్లలు తమ ఇంటి నుంచి తెచ్చుకుంటారు. ఆ జవాబుకి మార్కులు వేయండి. విమర్శకులు మన నవలల్లోని తీరికకి లెక్క కట్టండి. ముస్లిం రచయితలు అనుమానం గురించి, అల్లర్ల గురించి రాసినంత పట్టుదలగా కోత గురించి, బండి గురించి, సప్లిమెంటరీ పరీక్ష గురించి రాయండి. దూదేకుల పిల్లవాడు మస్జిదులో వెనకపడ్డ సంగతి కూడా రాయండి, మన పరువు పోతుందని దాచకండి. దాచిన చోటే పరువు పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ పిల్లల చేత రాయించండి. వాళ్ళకి తెలుగు సరిగ్గా రాదనే మాట ఇక కట్టిపెట్టండి. రెండు భాషల్లో ఆకలిని, అవమానాన్ని, హాస్యాన్ని చెప్పగలిగినవాళ్ళకి భాష రాదనడానికి ఒకే భాష తెలిసినవాళ్ళకి ఏం హక్కుంది?

ఏటా జూన్‌లో కాలేజీలు తెరుస్తారు. కొన్ని పేర్లు హాజరుపట్టీలో ఇక పిలవరు. ఆ పేర్లు ఎక్కడికి పోయాయో అడగని సాహిత్యం తనని తాను ఆధునికం అనుకోవచ్చు. ఆగిరిపల్లి పిల్లలు అనుకోవడం లేదు. వాళ్ళ అభిప్రాయం తప్పని రుజువు చేయవలసిన పని ఇప్పుడు మనది.